గోడ మీది గోధుమగడ్డి

"పైరు తొక్కకండమ్మా! పైరు తొక్కకండి!" అని గట్టు మీద నుంచి సైమన్ పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉన్నాడు. పైరు తొక్కకుండా పైరు మధ్యలో దూరి గడ్డి పరవడం ఎలాగో మాత్రం చెప్పడం లేదు.

భూదేవి గంపలోంచి ఇంకో పిడికెడు వరిగడ్డి తీసి రెండు సాళ్ల మధ్యకు తోసింది. సాలుకూ సాలుకూ నడుమ జానెడు జాగా ఉంటే గొప్ప. గోధుమ మోకాళ్లు దాటి ఎదిగింది, కంకులు పొట్టలు చీల్చుకుని బయటికొచ్చాయి. ఆకు అంచులు మోచేతుల దాకా గీసుకుపోతున్నాయి. చెమట తగిలి గీతలన్నీ మండుతున్నాయి. ఒకసారి లేస్తే నడుము మళ్లీ వంగదేమోనన్న భయంతో ఆమె లేవకుండానే ముందుకు జరుగుతోంది.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీలోకి పోయే దారికి కాస్త ఎడంగా, చెట్ల వెనకాల రెండెకరాల ప్రయోగ క్షేత్రం అది. దాని వెనక కాంపౌండు గోడ. గోడ అవతల బస్తీ. గోడ ఒకచోట కూలి సందు పడింది. ఆ సందులోంచే ఆరుగురు ఆడవాళ్లు రోజూ పనికి వస్తారు, ఆ సందులోంచే పోతారు. రోజుకు ముప్పై ఐదు రూపాయల కూలి. తొంభై ఆరో సంవత్సరంలో తార్నాక హోటల్లో ఇద్దరు కడుపునిండా తింటే అంతకంటే ఎక్కువే అవుతుంది. కాకపోతే మేస్త్రీల కింద ఇటుకలు మోసే పని కంటే ఇది నయం. నీడ ఉంటుంది, తాగడానికి నల్లా ఉంటుంది, మాట జారేవాళ్లు తక్కువ.

"కంకి పడ్డంక ఇప్పుడేం గడ్డి సారూ?" అంది లింగమ్మ పక్క సాలులోంచి. లింగమ్మ అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. "పెండ్లయిపోయినంక పిల్లకు పసుపు రాసినట్టున్నది."

సైమన్‌కు నవ్వు రాలేదు. "రేపు వచ్చేవాళ్లకి కనపడాలి కదమ్మా. నవంబర్లో వేసిందంతా మురిగిపోయింది. త్వరగా కానివ్వండి, సారొస్తున్నారు."

లింగమ్మ భూదేవి వంక చూసింది. భూదేవి గంప వంక చూసుకుంది. నవంబర్లో వేసిన గడ్డి మురిగిపోలేదని ఇద్దరికీ తెలుసు.

సంగతేమిటంటే, ఆ పొలంలో మళ్లు రెండు రకాలు. ఒక రకం బాగా దున్ని, పాత మోడూ గడ్డీ ఏరేసి, శుభ్రం చేసి గోధుమ విత్తినవి. రెండో రకం అసలు దున్నకుండా, కిందటేటి పంట గడ్డిని నేలమీద అలాగే పరిచి, దాని సందుల్లోనే విత్తినవి. కిందటేడు పంటకు ఆకుమచ్చ తెగులు దండిగా తగిలింది. గోధుమరంగు మచ్చలు పడి, చుట్టూ పసుపెక్కి, ఆకులు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఆ జబ్బు గడ్డిలో దాక్కుని ఈ ఏటి పైరుకు మళ్లీ ఎక్కుతుందా ఎక్కదా అన్నది తేల్చాలి. ఎక్కకపోతే దున్నకుండా విత్తే పద్ధతిని రైతులకు ధైర్యంగా చెప్పవచ్చు. అందుకే తెగులు పట్టిన గడ్డిని షెడ్డులో దాచిపెట్టి మరీ నవంబర్లో ఆ మళ్లలో పరిపించారు.

ఇదంతా ఆ ఆరుగురు ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. "గడ్డి ముట్టుకోవద్దు" అని మాత్రం చెప్పారు.

కోసిన చేలో మిగిలిన గడ్డి కోసిన ఆడవాళ్లదే. ఈ హక్కు ఏ కాగితం మీదా లేదు. జహీరాబాదు అవతల నల్లరేగడి చేలల్లో భూదేవి తల్లి అలాగే ఎత్తుకుంది, ఆమె తల్లీ అలాగే ఎత్తుకుంది, ఎంత పిసినారి ఆసామీ అయినా దానికి అడ్డం రాలేదు. షెడ్డులోంచి పాత గడ్డిని తెచ్చి సార్లు మళ్లీ చేలో పారేస్తుంటే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ముట్టుకోవద్దన్నది పెద్దవాళ్లు ఊరికే అనే మాటల్లో ఒకటనుకున్నారు. గట్టు పక్కన నలుగురికీ కనబడేది మాత్రం వదిలేసి, కలుపు తీయడానికి దిగినప్పుడల్లా మడి లోపలిది ఒడిలో వేసుకుని సందులోంచి బస్తీకి చేర్చేశారు. సంక్రాంతి రాకముందే గట్టు పక్కది కూడా అయిపోయింది.

గడ్డితో వాళ్లకు పనుంది. లాలాపేట గేదెల కొట్టాల్లోంచి పేడ తెచ్చి పిడకలు చేస్తారు. పేడ ఒక్కటే అయితే పిడక ఎండగానే పగిలిపోతుంది, అందులో గడ్డి కలపాలి. ఆ పిడకలు అంబర్‌పేట మార్కెట్లో రూపాయికి రెండు పోతాయి. వాటిని ఎండబెట్టుకోవడానికి యూనివర్సిటీ వారి కాంపౌండు గోడ కంటే మంచి గోడ ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

స్కూటరు చప్పుడైంది. ప్రొఫెసర్ సోమయాజులు దిగి, హెల్మెట్ తీసి, గట్టు మీదికి వచ్చాడు. జూన్‌లో రిటైరవబోతున్న మనిషి. చెడ్డవాడు కాడు. దీపావళికి ఆరుగురికీ మిఠాయి పంచుతాడు, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే యూనివర్సిటీ డాక్టరుకు చీటీ రాసిస్తాడు. మడిలోకి మాత్రం దిగడు. మోకాళ్ల నొప్పులు.

వంగి ఒక ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం విప్పారింది. "చూశారా, ఆకు ఎంత నిగనిగలాడుతోందో! దున్నకపోయినా, పాత గడ్డి మీదే విత్తినా, ఒక్క మచ్చ ఎక్కువ రాలేదు. ముప్పై ఏళ్ల నుంచి నేను అనుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. తర్వాత భూదేవిని పిలిచాడు. "ఇదిగో అమ్మాయ్, రేపు జహీరాబాదు వైపు నుంచి రైతులు వస్తున్నారు. ఢిల్లీ నుంచి స్కీము చూసే పెద్దాయన వస్తున్నాడు. నువ్వే మాట్లాడాలి."

"నాకేం మాటలొస్తయి సారూ?"

"ఒక్క మాట చాలు. విత్తిన నాటి నుంచి గడ్డి ఇలాగే ఉంది, పైరు ఇలాగే ఉంది అని చెప్పు. నేను చెబితే పుస్తకాల మాట అనుకుంటారు. నువ్వు వాళ్లలాంటి దానివి, నమ్ముతారు. స్కీము ఇంకో మూడేళ్లు పొడిగించారనుకో, మీ ఆరుగురికీ పనికి ఢోకా ఉండదు. నిన్ను పర్మినెంటు చేయమని నేనే రాస్తాను."

పర్మినెంటు అన్న మాట విని మిగతా ఐదుగురూ ఒక్కసారిగా తలెత్తి చూశారు. భూదేవి మాత్రం తల వంచుకుని "సరే సారూ" అంది. అనేసి, ఎందుకో తెలియకుండానే కాస్త ఇబ్బంది పడింది. అలసటలే అనుకుని మళ్లీ సాలులోకి దూరింది.

సాయంత్రం సందులోంచి బస్తీలోకి అడుగు పెట్టేసరికి గుడిసె ముందు తమ్ముడు ఇన్నయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన జొన్నపిండి మూట, ఎండు మిరపకాయల సంచి. రైతులందరూ రేపు బస్సులో వస్తుంటే అతను అక్కను చూసినట్టుంటుందని ఒకరోజు ముందే బయల్దేరి వచ్చాడు. రెండేళ్లలో బాగా చిక్కిపోయాడు. చెంపలు లోపలికి పోయాయి.

భూదేవి చాయ్ పెట్టి ఇచ్చింది. ఇన్నయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదుకున్నాడు. వచ్చిన పని మెల్లగా బయటపెట్టాడు.

"ఎడ్ల జోడిల ఒకటి వానకాలంల సచ్చిపాయె గదక్కా. ఒక్కదాంతోని ఏం దున్నుత? మంది చేన్లకు నా ఎద్దును బదులుకు తోలి, ఆల్ల ఎద్దును అడుక్కొని దున్నుకుంటున్న. ఉన్నదానికి మ్యాత లేదు. మా ఊరికి ఒక ఆఫీసరొచ్చి, దున్నుడే వద్దు, గడ్డిలనే గోధుమ పెట్టున్రి అన్నడు. గట్లయితే ఎద్దెందుకు నాకు? ఐతారం అంగట్ల అమ్మేద్దామని మనసుల ఉన్నది."

"అమ్మితే మళ్ల కొంటవార తమ్మీ?"

"ఏడ కొంట? గది పోతే పోయినట్టే." గ్లాసు కింద పెట్టాడు. "గందుకే అడుగుతున్న. నిరుడు నాకు ఆకుమచ్చ తగిలి సగం గింజ తాలు పోయింది. ఆ గడ్డిలనే మళ్ల పెడితే తెగులు రాదా? నువ్వు గీ మళ్లల్లనే ఉంటవు. నీ కండ్లతోని చూసింది చెప్పు."

భూదేవి కళ్ల ముందు మధ్యాహ్నం సారు వెలుతురుకు పట్టిన ఆకు కదిలింది. "రాలేదు తమ్మీ," అంది. "ఆకు సాపు ఉన్నది. రెండు దిక్కుల ఒక్కతీరే ఉన్నది."

ఇన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. చాలా రోజులుగా మోస్తున్న బరువు దించుకున్నవాడిలా గోడకు జారగిలబడ్డాడు. కాసేపటికి కునుకు తీశాడు.

ఇంకా వెలుతురు ఉంది. భూదేవి పేడ గంప ముందేసుకుని గోడ దగ్గర కూర్చుంది. గోనెసంచిలో అడుగున మిగిలిన గడ్డి దులిపి పేడ మీద పోసింది. రెండు చేతులతో పిసుకుతుంటే ఒక పరక వేళ్ల మధ్య అడ్డం పడింది. తీసి పారేయబోయి ఆగింది. పరక కణుపు చుట్టూ నల్లటి చుక్కలున్నాయి. ఎండిన ఆకు తొడిమ మీద నిరుటి మచ్చ ఎండిపోయి అలాగే ఉంది.

ఆమె తలెత్తి గోడ చూసింది. వరసలు వరసలుగా పిడకలు. ప్రతి పిడకలోనూ వాలుతున్న పొద్దు వెలుతురుకు గోధుమగడ్డి పరకలు మెరుస్తున్నాయి. తెగులు గడ్డి అంతా ఇక్కడుంది. ఇక మళ్లలో తెగులు ఎలా వస్తుంది?

తమ్ముడితో తాను అబద్ధం చెప్పలేదు. ఆకు సాపుగానే ఉంది. అయినా అతని ఎద్దును అమ్మించే మాట తన నోటి నుంచే వచ్చింది. ముందు తన మీద తనకు కోపం వచ్చింది. తర్వాత సారు మీద వచ్చింది, తర్వాత ఆ గడ్డి మీదే వచ్చింది. చివరికి ఏ కోపమూ నిలబడక, పేడ చేతులతో అలాగే కూర్చుండిపోయింది. లేపి చెబుదామా అనుకుని తమ్ముడి వైపు చూసింది. ఎన్నాళ్లకో నిద్రపట్టిన ముఖం. లేపడానికి చెయ్యి రాలేదు. ఇంతకీ ముందు సైమన్ సారును అడగాలి. తాను అనుకున్నది తప్పే కావచ్చు.

తెల్లవారి సైమన్ వారాసిగూడ నుంచి సైకిలు మీద వచ్చి, షామియానా వేసేవాళ్లతో మాట్లాడుతుంటే భూదేవి వెళ్లి పక్కన నిలబడింది. వాళ్లు పోయాక చెప్పింది. గడ్డి మురగలేదని, తామే ఎత్తుకుపోయామని, మచ్చ రాకపోవడం అందుకేనేమోనని.

సైమన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదా భూదేవమ్మా? డిసెంబర్లోనే చూశా. మీ ఒళ్లో గడ్డి, మడిలో బోడి నేల. కళ్లున్నాయి కదా నాక్కూడా."

"మరి జెప్పలేదేంది సారూ?"

"చెబితే మిమ్మల్ని ఆరుగుర్నీ ఆ రోజే తీసేసేవాళ్లు. పోనీలే పాపం అనుకున్నా. సారు అడిగితే అంతా బానే ఉందన్నా. ఒకసారి అన్నాక ఇంక ప్రతి వారం అట్టాగే అనాల్సొచ్చింది." అతను నుదురు రుద్దుకున్నాడు. తెనాలి నుంచి వచ్చి పదేళ్లు కావస్తున్నా ఇంకా టెంపరరీ ఫీల్డ్ అసిస్టెంటే. భార్య మేరీ రామంతాపూర్‌లో చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. "స్కీము పోతే నేనూ పోతానమ్మా. నాకేం గవర్నమెంటు ఉద్యోగమా?"

"ముట్టద్దన్నరు గని, ఎందుకు ముట్టద్దో చెప్పలే గద సారూ."

"మీరు అడగలేదుగా."

"అడిగితే జెప్పేటోళ్లా?"

సైమన్ షామియానా వైపు ఒకసారి చూశాడు. కాసేపు చేతులు నలుపుకుని, "నీ బాధేంటి, మీ తమ్ముడి ఎద్దేగా?" అన్నాడు. "అమ్మొద్దని వాడి చెవిలో చెప్పు. సరిపోతుంది. మిగతా ఊళ్ల సంగతి మనకెందుకు? వచ్చే ఏడు నేనే దగ్గరుండి గడ్డి పరిపిస్తా, కాపలా కాస్తా. అప్పుడు నిజమేంటో అదే తెలుస్తుంది. ఇవాళ్టికి మాత్రం సారు చెప్పమన్న ఒక్క ముక్క చెప్పెయ్. దణ్ణం పెడతా."

అది మంచి ఉపాయంలాగే తోచింది. చెప్పొద్దూ, భూదేవికి సంతోషం కూడా వేసింది. ఎద్దు ఉంటుంది, పని ఉంటుంది, లింగమ్మ వాళ్ల పని కూడా ఉంటుంది. ఇన్నయ్య గుడిసె నుంచి రాగానే పక్కకు పిలిచి చెప్పాలనుకుంది.

ఇన్నయ్య ఆమె దగ్గరికి రాలేదు. జహీరాబాదు బస్సు వచ్చి ఆగగానే తన ఊరివాళ్లలో కలిసిపోయాడు. బస్సులోంచి రైతులు దిగుతూనే ఉన్నారు. అందరివీ తమ్ముడి తువ్వాలలాంటి తువ్వాలలే, తమ్ముడి మడమల్లాంటి పగిలిన మడమలే. ప్రయాణం బడలికతో కళ్లు నులుముకుంటూ పైరు వైపు చూస్తున్నారు. భూదేవి మెల్లగా తమ్ముడి వెనక్కు చేరి భుజం తట్టబోయింది. అతను అప్పటికే పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడు.

"ఆఫీసర్ల మాట నేను గూడ నమ్మకపోదును. మా అక్క గీ మళ్లల్లనే కలుపు తీసింది. నిన్న పొద్దుగూకంగ అడిగిన. ఒక్క మచ్చ ఎక్కువ రాలేదన్నది. మా అక్క నాతోని ఉట్టి మాట చెప్తదా?"

"గట్లయితే నాకు కిరాయి ట్రాక్టరు బాధ తప్పినట్టే," అన్నాడు ఒకడు.

"మీ అక్క చెప్పిందంటే మాకు ధైర్యమే," అన్నాడు ఇంకొకడు.

భూదేవి చెయ్యి భుజం దాకా పోయి వెనక్కి వచ్చింది. ఒక్కడి చెవిలో చెబితే సరిపోయే మాట కాదిక అది. అప్పటికే ఎందరి చెవుల్లోనో పడింది. రాత్రి సరిగా నిద్ర లేదు, పొద్దున తిన్నది లేదు. అంతా వదిలేసి ఎక్కడైనా నీడపట్టున పడుకోవాలనిపించింది.

సోమయాజులు చక్కగా మాట్లాడాడు. దున్నకపోతే డీజిలు మిగులుతుందన్నాడు, తేమ నిలుస్తుందన్నాడు, విత్తడం ఆలస్యం కాదన్నాడు. వాటిలో అబద్ధమేమీ లేదు. రైతులు శ్రద్ధగా విన్నారు. ఢిల్లీ పెద్దాయన టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, అర్థంకాని తెలుగుకు తల ఊపుతున్నాడు. తర్వాత అందరూ కలిసి గట్టు మీదికి నడిచారు.

రైతుల్లో నరహరి అనే ముసలాయన ఒకడు చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. చేలోకి చెప్పులతో దిగే అలవాటు లేని తరం. కింద పరిచిన గడ్డిలోంచి నాలుగు పరకలు తీసి, విరిచి చూసి, "ఇది వరిగడ్డి గదా సారూ?" అన్నాడు.

సోమయాజులు సైమన్ వైపు చూశాడు. సైమన్ నేల చూశాడు.

"పాత గోధుమగడ్డి కొంత మురిగిపోయిందండీ. దాని మీద ఇది కాస్త వేశాం, అంతే," అన్నాడు సోమయాజులు. ఆయనకు నిజంగా తెలిసింది కూడా అంతే. "నా మాట ఎందుకు? ఈ మళ్లు చూసుకునేది మా భూదేవి. రా అమ్మాయ్. విత్తిన నాటి నుంచి ఇక్కడ గడ్డి ఉందా లేదా, నువ్వే చెప్పు."

అందరూ తిరిగి చూశారు. ఇన్నయ్య మెడ నిటారుగా పెట్టి, ఈమే మా అక్క అన్నట్టు పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. వెనక నుంచి లింగమ్మ భూదేవి కొంగు పట్టి లాగింది. ఏమీ అనకు అని ఆ లాగుడుకు అర్థం. అందులో తన పని, ఇంకో నలుగురి పని ఉన్నాయి. భూదేవి కొంగు విడిపించుకుంది.

"లేదు సారూ," అంది.

"ఏం లేదు?"

"గడ్డి లేదు. విత్తనం పడ్డంక జెరన్ని దినాలు ఉండె. మేమే ఎత్తుకపోయినం. కోసినోళ్లం గద, మాదే అనుకున్నం. గీ వరిగడ్డి నిన్న పరిచినం." తమ్ముడి వైపు చూసింది. "నేను నిన్న చెప్పింది వద్దు తమ్మీ. ఆకు సాపు ఉన్నది నిజమే. గడ్డి లేకపాయె, గందుకే సాపు ఉన్నదేమో. గడ్డి ఉంటె ఏమయ్యేదో నేను చూడలే. ఎవ్వలం చూడలే."

ఇన్నయ్య నిటారుగా పెట్టిన మెడ మెల్లగా దిగింది. ముసలి నరహరి చేతిలోని పరకలు కింద పడేసి, "మాకైతే పరవనీకె గడ్డి ఏడున్నదమ్మా, గొడ్లకే సాలదు," అన్నాడు. ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

ఢిల్లీ పెద్దాయన టోపీ సర్దుకుని ముందుకు వంగాడు. "క్యా బోలీ?" అని, ఆమె ఏమందో అడిగాడు.

సోమయాజులు పెద్దాయన వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ల మాట, మూడేళ్ల స్కీము, జూన్ నెల, అన్నీ ఆ క్షణంలో ఆయన కళ్లలో కనబడ్డాయి. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. చిన్న వాక్యం. చివర చిన్న నవ్వు. పెద్దాయన తృప్తిగా తల ఊపి "గుడ్, గుడ్" అన్నాడు.

భూదేవికి ఇంగ్లీషు రాదు. కానీ తాను చెప్పినదానికి ఎవరూ అలా నవ్వుతూ తల ఊపరని తెలుసు. పాతికేళ్లుగా తార్నాకలో బతుకుతున్న మనిషి. గేదెల కొట్టాల్లో, కిరాణా కొట్టులో, కట్టెల అడితిలో మాట్లాడే ఉర్దూ ఆమెకు బాగా వచ్చు. ఒక అడుగు ముందుకు వేసింది.

"ఘాస్ నై థా సాబ్," అంది. "హమిచ్ లేకో గయే. ఉప్లే బనాలియే." అని, తాము ఎత్తుకెళ్లిన గడ్డితో చేసిన పిడకలెక్కడున్నాయో చెయ్యి చాపి చూపించింది.

అందరి చూపులూ ఆ చెయ్యి వెంట కాంపౌండు గోడ దాకా పోయాయి. పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఒక్కడే గోడ సందులోంచి అవతలివైపుకు నడిచాడు. రైతులు కూడా ఒకరి వెనక ఒకరు కదిలారు. సోమయాజులు చివరగా వెళ్లాడు. రోజూ బస్తీ దారిన స్కూటరు మీద వెళుతూ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోయే గోడ అది. ఇన్నయ్య ఒక పిడకను ఊడదీసి రెండు చేతులతో విరిచాడు. లోపల గోధుమగడ్డి అడ్డంగా, నిలువుగా, దట్టంగా అల్లుకుని ఉంది. విరిచిన ముక్కలు ఒక్కొక్కరి చేతికీ అందుతూ పోయాయి.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తిని రైతులు బస్సెక్కారు. ఇన్నయ్య కిటికీలోంచి అక్కను చూసి, చెయ్యి ఊపాడు. ఎద్దు సంగతి ఏం చేస్తాడో చెప్పలేదు. భూదేవి కూడా అడగలేదు. పెద్దాయన కారు అంతకుముందే వెళ్లిపోయింది. షామియానా కింద సోమయాజులు ఒక్కడే కూర్చుని సైమన్‌తో తక్కువ గొంతుతో మాట్లాడుతున్నాడు. లింగమ్మ, మిగతా నలుగురూ చెట్టు కింద కూర్చున్నారు. భూదేవి వస్తే ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఆమె కూర్చోకుండా మడి దగ్గరికి వెళ్లిపోయింది.

కాసేపటికి సైమన్ వచ్చాడు. ముఖం ఎండిపోయి ఉంది. తిట్టాలనుకుని వచ్చినవాడే, ఆమెను చూసేసరికి తిట్లు రాలేదు.

"రేపట్నుంచి రావద్దని చెప్పమన్నారు భూదేవమ్మా. నిన్నే. మిగతావాళ్ల సంగతి ఇంకా తేల్లేదు. నా సంగతీ తేల్లేదు."

భూదేవి అప్పటికే మడిలో దిగి ఉంది. సాళ్ల మధ్య నిన్న పరిచిన వరిగడ్డిని పిడికిళ్లతో ఏరి గంపలో వేస్తోంది. పైరు తొక్కకుండా, పక్కకు ఒరిగి, ఒక్కో అడుగే వేస్తోంది.

"ఎందుకిప్పుడు ఇదంతా? ఎవరు తియ్యమన్నారు?" అన్నాడు సైమన్.

"ఎవ్వలనలే. గీ గడ్డి గీ మళ్లది గాదు."

"చెప్పింది వినపడిందా? రేపట్నుంచి రావద్దన్నారు."

ఆమె నడుం పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. నిన్నటి నుంచి భయపడుతున్నదే అయింది. నడుము కలుక్కుమంది. నొప్పి దిగేదాకా ఆగి, చెమట తుడుచుకుంది.

"వస్త సారూ," అంది. "వద్దన్న మాట సారునే గట్టు దిగొచ్చి నాకు చెప్పుమను. కోత నెలన్నరల ఉన్నది. గీ ఏడు గడ్డి కొయ్యంగనే మచ్చున్నది ఏరి షెడ్డుల పెట్టాలె, మళ్ల పరవాలె, ఏమైతదో చూడాలె. ఎవ్వలు ముట్టకుంట నేను చూస్త. పొద్దుగాల్లనే వస్త."

సైమన్ గట్టు మీద అలాగే నిలబడ్డాడు. భూదేవి మళ్లీ వంగి, తర్వాతి సాలులో చెయ్యి పెట్టింది.